యాంగ్యులర్ లైబ్రరీతో పాటే కోడ్ జనరేటర్‌ను ప్యాక్ చేయడం ఎలా? (నేను చేసిన తప్పుతో సహా)

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, చార్జర్ల గురించి మాట్లాడుకుంటాం కదా, ఈసారి కాస్త కోడింగ్ వైపు వెళ్దాం. కంగారు పడకండి, ఇది కూడా ఒక రకంగా అన్‌బాక్సింగ్ కథే. బాక్స్ మీద అన్నీ ఉన్నాయని రాసి ఉంటుంది, తెరిచి చూస్తే లోపల చార్జర్ ఉండదు. అచ్చం అలాంటి బాక్స్ ఒకటి నేనే ప్యాక్ చేసి జనానికి పంపించాను.

ఫోన్ల స్పెసిఫికేషన్లను పక్కపక్కన పెట్టి పోల్చి చూపించే పట్టిక కోసం యాంగ్యులర్‌లో ఒక చిన్న లైబ్రరీ రాసుకున్నాను. దాంతో పాటు ఒక కోడ్ జనరేటర్ కూడా పెట్టాను. ఒక్క కమాండ్ కొడితే పోలిక పేజీ మొత్తం తయారైపోవాలన్నది ఐడియా. నా ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాస్. సంతోషంగా ఎన్‌పీఎంలో పబ్లిష్ చేసేశాను.

మా జూనియర్ ఒకమ్మాయి తన ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి దాన్నే వాడుకుంటానంది. రివ్యూకి ముందు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసింది. "అన్నా, ఇన్‌స్టాల్ బానే అయింది. జనరేట్ కమాండ్ కొడితే ఏదో ఫైల్ కనిపించట్లేదని ఎర్రర్ వస్తోంది. రేపు పొద్దున్నే నాకు రివ్యూ." నేను మళ్లీ నా మెషీన్‌లో చూశాను, పనిచేస్తోంది. "నా దగ్గర వస్తోందే" అన్నాను. ప్రపంచంలో ఏ డెవలపరైనా అనకూడని మాట అదే.

ఆ రాత్రి ఏం జరిగిందో, అసలు దీన్ని ఎలా చేయాలో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం. ఒక చిన్న మనవి: ఫైల్ పేర్లు, కమాండ్లు పలికే తీరులోనే తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

అసలు కోడ్ జనరేటర్ అంటే ఏంటి?

యాంగ్యులర్ నేర్చుకున్నవాళ్లంతా మొదటి రోజే ఒక జనరేటర్ వాడి ఉంటారు. "ఎన్‌జీ జనరేట్ కాంపోనెంట్" అని కొట్టి పేరు ఇస్తే ఫోల్డర్, ఫైళ్లు అన్నీ వచ్చేస్తాయి. అదే జనరేటర్. యాంగ్యులర్ వాళ్లు దీన్ని స్కీమాటిక్ అంటారు.

2018 మేలో వచ్చిన యాంగ్యులర్ 6తో ఒక మంచి మార్పు వచ్చింది. "ఎన్‌జీ యాడ్", "ఎన్‌జీ అప్‌డేట్" కమాండ్లు, కమాండ్ లైన్ నుంచే లైబ్రరీ తయారుచేసుకునే సదుపాయం, మూడూ అప్పుడే వచ్చాయి. అంటే జనరేటర్లు యాంగ్యులర్ టీమ్‌కి మాత్రమే సొంతం కాదు. మన లైబ్రరీలో మన జనరేటర్లను మనమూ పెట్టుకోవచ్చు. యాంగ్యులర్ మెటీరియల్‌ని "ఎన్‌జీ యాడ్"తో పెట్టుకున్నప్పుడు థీమ్ ఏది కావాలని అడుగుతుంది చూడండి, అలా అడిగేది ఆ లైబ్రరీతో పాటు వచ్చిన స్కీమాటిక్కే.

లైబ్రరీ జనరేటర్లు మూడు రకాలు:

1. యాడ్ స్కీమాటిక్: లైబ్రరీని ప్రాజెక్ట్‌లో పెట్టుకోగానే మొదటి సెట్టింగులు చేసిపెట్టేది.
2. జనరేట్ స్కీమాటిక్: అవసరమైనప్పుడల్లా కొత్త ఫైళ్లు తయారుచేసి ఇచ్చేది.
3. అప్‌డేట్ స్కీమాటిక్: కొత్త వెర్షన్‌కి వెళ్లేటప్పుడు పాత కోడ్‌ను సరిచేసేది. దీన్నే మైగ్రేషన్ అంటారు.

రెండూ ఒకే ప్యాకేజీలో ఎందుకు?

జనరేటర్‌ను వేరే ప్యాకేజీగా పెట్టొచ్చు కదా అని మీకు డౌట్ రావచ్చు. నేనూ మొదట అలాగే పెట్టాను. పది రోజుల్లోనే తలనొప్పి మొదలైంది. జనరేటర్ రాసే కోడ్ లైబ్రరీలోని కాంపోనెంట్లను పేరుపెట్టి పిలుస్తుంది. లైబ్రరీలో ఒక ఇన్‌పుట్ పేరు మార్చాననుకోండి, పాత జనరేటర్ పాత పేరుతోనే కోడ్ రాస్తుంది. వాడేవాళ్ల దగ్గర లైబ్రరీ కొత్తది, జనరేటర్ పాతది. వచ్చిన కోడ్ కంపైలే అవ్వదు.

ఒకే ప్యాకేజీలో ఉంటే ఆ గొడవ ఉండదు. ఏ వెర్షన్ లైబ్రరీ ఉందో అదే వెర్షన్ జనరేటర్ ఉంటుంది. పేరు మార్పు, టెంప్లేట్ మార్పు ఒకే కమిట్‌లో వెళ్తాయి.

ఏది లైబ్రరీలో ఉండాలి, ఏది జనరేట్ అవ్వాలి?

ఇది టూల్స్ కంటే ముఖ్యమైన ప్రశ్న. దీనికి జవాబు తెలియకుండా జనరేటర్ మొదలుపెట్టకండి.

లైబ్రరీలో ఉన్న కోడ్ మన బాధ్యత. అందులో తప్పు దొరికితే సరిచేసి కొత్త వెర్షన్ వదులుతాం, అందరికీ చేరుతుంది. జనరేటర్ రాసిన కోడ్ అలా కాదు. అది వాళ్ల ప్రాజెక్ట్‌లో పడ్డ క్షణం నుంచి వాళ్లది. వాళ్లు మారుస్తారు, కమిట్ చేస్తారు. మళ్లీ మన చేతికి రాదు.

నా అనుభవమే చెప్తాను. ధరను చూపించే ఫంక్షన్‌ను మొదట్లో టెంప్లేట్‌లోనే పెట్టాను, అంటే ప్రతి ప్రాజెక్ట్‌లోకీ దాని కాపీ వెళ్లింది. అందులో లోకేల్ చెప్పడం మర్చిపోయాను. యాంగ్యులర్ డిఫాల్ట్‌గా అమెరికా ఇంగ్లిష్ లోకేల్ తీసుకుంటుంది కాబట్టి లక్ష రూపాయల ఫోన్ ధర ₹1,00,000 అని రావాల్సింది ₹100,000 అని వచ్చింది. టెంప్లేట్‌లో సరిచేయడం రెండు నిమిషాల పని. కానీ అప్పటికే జనరేట్ చేసుకున్న వాళ్లందరి దగ్గరా పాత తప్పు అలాగే ఉండిపోయింది. అదే ఫంక్షన్ లైబ్రరీలో ఒక పైప్‌గా ఉండి ఉంటే ఒక్క అప్‌డేట్‌తో అయిపోయేది.

అప్పటి నుంచి నేను పాటించే రూల్ ఇది: లాజిక్ లైబ్రరీలో, అమరిక జనరేటర్‌లో. వాడేవాళ్లు కచ్చితంగా తమకు నచ్చినట్టు మార్చుకునే భాగం మాత్రమే జనరేట్ చేయాలి. పేజీ ఫైల్, వరుసల జాబితా, హెడ్డింగ్, అంతే. లెక్కలు, ఫార్మాటింగ్, సార్టింగ్ లాంటివన్నీ లైబ్రరీలోనే ఉండాలి.

ఫోల్డర్ ఎలా ఉండాలి?

యాంగ్యులర్ వర్క్‌స్పేస్‌లో లైబ్రరీ సాధారణంగా "ప్రాజెక్ట్స్" ఫోల్డర్ కింద ఉంటుంది. లైబ్రరీ ఫోల్డర్‌లో "సోర్స్" పక్కనే "స్కీమాటిక్స్" అని ఒక ఫోల్డర్ పెట్టండి. దాని లోపల:

- కలెక్షన్.జేసన్: జనరేటర్ల జాబితా. ఒక్కో జనరేటర్‌కి పేరు, వివరణ, ఏ ఫైల్‌లోని ఏ ఫంక్షన్‌ను నడపాలో చెప్పే ఫ్యాక్టరీ అనే లైన్ ఉంటాయి.
- ఎన్‌జీ-యాడ్ అనే ఫోల్డర్, అందులో ఇండెక్స్.టీఎస్.
- కంపేర్-పేజ్ అనే ఫోల్డర్ (నా జనరేటర్ పేరు ఇది). అందులో ఇండెక్స్.టీఎస్, స్కీమా.జేసన్, ఇంకా టెంప్లేట్లు ఉండే "ఫైల్స్" అనే ఫోల్డర్.

లైబ్రరీ ప్యాకేజ్.జేసన్‌లో "స్కీమాటిక్స్" అనే కీ పెట్టి కలెక్షన్.జేసన్ దారి చూపించాలి. యాంగ్యులర్ కమాండ్ లైన్ ముందుగా వెతికేది ఆ కీనే. అది లేకపోతే మీ ప్యాకేజీలో జనరేటర్ ఉన్నట్టే దానికి తెలియదు.

అక్కడే "ఎన్‌జీ-యాడ్" అనే ఇంకో కీ పెట్టి, అందులో "సేవ్" ఆప్షన్ ఇవ్వొచ్చు. మీ లైబ్రరీ డిపెండెన్సీస్ కింద చేరాలా, డెవ్ డిపెండెన్సీస్ కింద చేరాలా, అసలు చేరకూడదా అన్నది ఇక్కడ చెప్తాం. స్క్రీన్ మీద కనిపించే కాంపోనెంట్ల లైబ్రరీ అయితే డిపెండెన్సీస్ కిందే ఉండాలి.

జనరేటర్ లోపల ఏం జరుగుతుంది?

స్కీమాటిక్ ఫంక్షన్ ఒక రూల్‌ను తిరిగి ఇస్తుంది. ఆ రూల్‌కి రెండు వస్తువులు అందుతాయి: ట్రీ, కాంటెక్స్ట్. ట్రీ అంటే ప్రాజెక్ట్ ఫైళ్లకి ఒక వర్చువల్ రూపం. మీరు ట్రీలో ఫైల్ క్రియేట్ చేసినా, మార్చినా, డిస్క్ మీద వెంటనే ఏమీ జరగదు. షాపింగ్ యాప్‌లో కార్ట్ లాంటిదన్నమాట. ఎన్ని వస్తువులు వేసినా తీసినా, పే బటన్ నొక్కేదాకా డబ్బు కట్ అవ్వదు. రూల్స్ అన్నీ సక్సెస్ అయితేనే మార్పులు డిస్క్ మీదికి వెళ్తాయి. మధ్యలో ఎర్రర్ వస్తే సగం రాసిన ఫైళ్లు మిగిలిపోవు.

కాబట్టి జనరేటర్‌లో నోడ్ వాళ్ల ఫైల్ సిస్టమ్ మాడ్యూల్‌ను నేరుగా వాడకండి. అలా వాడితే ఈ రక్షణ పోతుంది. పైగా "డ్రై-రన్" ఆప్షన్ అబద్ధం చెప్తుంది: ఏమీ రాయలేదని చూపిస్తుంది, వెనకాల ఫైల్ మారిపోయి ఉంటుంది.

కంపేర్-పేజ్ జనరేటర్‌లో నేను చేసే పని వరుసగా ఇది: "యూఆర్‌ఎల్" ఫంక్షన్‌తో ఫైల్స్ ఫోల్డర్ చదవడం, "అప్లై టెంప్లేట్స్"తో ఖాళీలు నింపడం, "మూవ్"తో సరైన ఫోల్డర్‌కి మార్చడం, "మెర్జ్ విత్"తో ప్రాజెక్ట్ ట్రీలో కలపడం.

టెంప్లేట్ ఫైల్ పేరులోనే ఖాళీలు పెట్టొచ్చు. రెండు అండర్‌స్కోర్లు, నేమ్ అనే మాట, @ గుర్తు, డ్యాషరైజ్, మళ్లీ రెండు అండర్‌స్కోర్లు. "ఫోన్ కంపేర్" అని పేరు ఇస్తే అది అన్నీ చిన్న అక్షరాలు చేసి మధ్యలో హైఫన్ పెడుతుంది. ఫైల్ లోపల క్లాస్ పేరుకి <%= %> మధ్యలో క్లాసిఫై ఫంక్షన్ వాడతాం. అది ప్రతి మాట మొదటి అక్షరాన్నీ పెద్దది చేసి కలిపేస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు:

- టెంప్లేట్ ఫైల్ చివర ".టెంప్లేట్" అని తప్పకుండా పెట్టండి. "అప్లై టెంప్లేట్స్" ఆ తోక ఉన్న ఫైళ్లనే ముట్టుకుంటుంది, పని అయ్యాక తోక తీసేస్తుంది. తోక లేకపోతే ఖాళీలు నింపకుండా ఉన్నదున్నట్టు కాపీ అవుతుంది. పైగా తోక ఉంటే టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ దాన్ని నిజమైన కోడ్ అనుకుని ఎర్రర్లు ఇవ్వదు.
- చుక్కతో మొదలయ్యే ఫైళ్లను టెంప్లేట్‌గా పెట్టాలంటే చుక్క లేకుండా పెట్టండి. ప్యాకేజీ ప్రయాణంలో ".గిట్‌ఇగ్నోర్" ఫైల్ మాయమవడం, పేరు మారిపోవడం ఎన్‌పీఎంలో బాగా తెలిసిన సమస్యే. యాంగ్యులర్ టీమ్ కూడా తమ టెంప్లేట్‌లో చుక్క బదులు "డాట్" అనే వేరియబుల్ పెట్టి, జనరేట్ అయ్యేటప్పుడు చుక్కగా మారుస్తుంది.

వాడేవాళ్లను ప్రశ్నలు అడగాలంటే స్కీమా.జేసన్‌లో "ఎక్స్-ప్రాంప్ట్" పెట్టండి. కానీ మితంగా. నేను మొదట ఆరు ప్రశ్నలు పెట్టాను. మా జూనియర్ అన్నింటికీ ఎంటర్ కొట్టుకుంటూ పోయింది. ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను, పేజీ పేరు. మిగతావాటికి మంచి డిఫాల్ట్‌లు ఇచ్చాను.

బిల్డ్: నేను పడ్డ గొయ్యి ఇదే

లైబ్రరీని "ఎన్‌జీ బిల్డ్"తో బిల్డ్ చేస్తే లోపల ఎన్‌జీ-ప్యాకేజర్ అనే టూల్ నడుస్తుంది. అది సోర్స్ ఫోల్డర్‌లోని కాంపోనెంట్లను చక్కగా ప్యాక్ చేస్తుంది. స్కీమాటిక్స్ ఫోల్డర్ వైపు మాత్రం చూడదు, ఎందుకంటే లైబ్రరీ కోడ్ బ్రౌజర్‌లో నడిచేది, జనరేటర్ కోడ్ నోడ్‌లో నడిచేది. రెండింటి దారులు వేరు. కాబట్టి జనరేటర్ కోసం వేరే బిల్డ్ మనమే పెట్టుకోవాలి.

దానికి మూడు పనులు:

1. స్కీమాటిక్స్ కోసం వేరే టీఎస్‌కాన్ఫిగ్ ఫైల్. రూట్ ఫోల్డర్‌గా స్కీమాటిక్స్, అవుట్‌పుట్‌గా డిస్ట్ ఫోల్డర్‌లో మీ లైబ్రరీ కింద స్కీమాటిక్స్. "ఫైల్స్" ఫోల్డర్లను ఎక్స్‌క్లూడ్ చేయాలి.
2. లైబ్రరీ ప్యాకేజ్.జేసన్‌లో "బిల్డ్" అనే స్క్రిప్ట్, అది ఆ కాన్ఫిగ్‌తో టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ను నడపాలి.
3. "పోస్ట్‌బిల్డ్" అనే స్క్రిప్ట్. బిల్డ్ అవ్వగానే ఎన్‌పీఎం దీన్ని తనంతట తానే నడుపుతుంది. ఇది కలెక్షన్.జేసన్‌ను, స్కీమా ఫైళ్లను, టెంప్లేట్లను డిస్ట్‌లోకి కాపీ చేయాలి.

మూడోది ఎందుకంటే, టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లనే జావాస్క్రిప్ట్‌గా మారుస్తుంది. పక్కన ఉన్న జేసన్ ఫైళ్లను, టెంప్లేట్లను తనంతట తాను తీసుకెళ్లదు.

నా తప్పు ఇక్కడే. నేను కాపీ లైన్‌లో "స్కీమాటిక్స్/*.జేసన్" అని రాశాను. ఒక్క నక్షత్రం ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లనే పట్టుకుంటుంది, లోపలి ఫోల్డర్లలోకి దిగదు. దాంతో కలెక్షన్.జేసన్ ఒక్కటే వెళ్లింది. కంపేర్-పేజ్ ఫోల్డర్‌లోని స్కీమా.జేసన్ వెళ్లలేదు, టెంప్లేట్లు అసలే వెళ్లలేదు. ఎన్‌జీ-యాడ్‌కి స్కీమా గానీ టెంప్లేట్లు గానీ అవసరం లేదు కాబట్టి ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోయింది. జనరేట్ కమాండ్ దగ్గర మాత్రం ఆగిపోయింది. సరైన లైన్‌లో మూడూ ఉండాలి: "స్కీమాటిక్స్/కలెక్షన్.జేసన్", "స్కీమాటిక్స్/*/స్కీమా.జేసన్", "స్కీమాటిక్స్/*/ఫైల్స్/**".

వరుస కూడా ముఖ్యం. ముందు "ఎన్‌జీ బిల్డ్", తర్వాత స్కీమాటిక్స్ బిల్డ్. తిరగేసి చేస్తే ఎన్‌జీ-ప్యాకేజర్ డిఫాల్ట్‌గా పాత డిస్ట్ ఫోల్డర్‌ను చెరిపేసి మొదలుపెడుతుంది కాబట్టి మీ జనరేటర్లన్నీ ఎగిరిపోతాయి. ఎర్రర్ కూడా రాదు.

మరి నా టెస్టులు ఎందుకు పాస్ అయ్యాయి?

యాంగ్యులర్‌లో "స్కీమాటిక్ టెస్ట్ రన్నర్" అని ఒకటుంది. దానికి కలెక్షన్.జేసన్ దారి ఇచ్చి, జనరేటర్ నడిపి, వచ్చిన ట్రీలో ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడొచ్చు. చాలా మంచి టూల్. కానీ నేను ఇచ్చిన దారి సోర్స్ ఫోల్డర్‌ది. అక్కడ స్కీమా ఉంది, టెంప్లేట్లు ఉన్నాయి, పాస్ అవ్వకేం చేస్తుంది? నేను టెస్ట్ చేసింది నా వంటగదిని. పార్సిల్ కట్టిన డబ్బా మూత తీసి చూడలేదు.

ఆ రాత్రి చివరికి నాకు దారి చూపించింది "ఎన్‌పీఎం ప్యాక్" అనే కమాండ్. పబ్లిష్ చేస్తే ఏ ఫైళ్లు వెళ్తాయో సరిగ్గా అవే ఫైళ్లతో మీ కంప్యూటర్‌లోనే ఒక కంప్రెస్డ్ ఫైల్ తయారుచేస్తుంది. "డ్రై-రన్" జోడిస్తే ఫైల్ చేయకుండా జాబితా మాత్రం చూపిస్తుంది. ఆ జాబితా చూడగానే విషయం అర్థమైంది: స్కీమా లేదు, ఫైల్స్ ఫోల్డర్ లేదు. సరిచేసి 0.3.1 వదిలేసరికి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. ఒకసారి పబ్లిష్ చేసిన వెర్షన్ నంబర్‌ను ఎన్‌పీఎం మళ్లీ వాడనివ్వదు, అందుకే 0.3.0 నా తప్పుకి గుర్తుగా అలా ఉండిపోయింది.

ఇప్పుడు పబ్లిష్‌కి ముందు నేను చేసేది ఇది:

1. డిస్ట్‌లోని లైబ్రరీ ఫోల్డర్‌లోకి వెళ్లి ఎన్‌పీఎం ప్యాక్ చేయడం. ప్రాజెక్ట్ రూట్ నుంచి కాదు.
2. వేరే చోట "ఎన్‌జీ న్యూ"తో పూర్తిగా కొత్త యాప్ చేయడం.
3. అందులో ఆ ప్యాక్ ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేయడం. ఎన్‌పీఎం లింక్ వాడను. లింక్ మన ఫోల్డర్‌నే చూపిస్తుంది, పార్సిల్‌ను కాదు.
4. యాడ్, జనరేట్ స్కీమాటిక్స్ రెండూ నడిపి, యాప్‌ను బిల్డ్ చేయడం. జనరేట్ అయిన కోడ్ కంపైల్ అయితేనే పాస్.

ఈ నాలుగూ ఒక స్క్రిప్ట్‌లో పెట్టుకుంటే మళ్లీ మళ్లీ ఆలోచించక్కర్లేదు. రెండో స్టెప్‌లో మీరు సపోర్ట్ చేస్తున్నామని చెప్పిన ప్రతి యాంగ్యులర్ వెర్షన్‌తోనూ ఒక యాప్ చేసి చూడండి.

పక్కింట్లో సామాను సర్దుతున్నాం, జాగ్రత్త

జనరేటర్ అంటే ఇంకొకరి ప్రాజెక్ట్‌లోకి వెళ్లి వాళ్ల ఫైళ్లు మార్చే ప్రోగ్రామ్. వాళ్లు నమ్మి తాళం ఇచ్చారు. అందుకే కొన్ని మర్యాదలు ఉన్నాయి.

ఉన్న ఫైల్ మీద రాయకండి. ట్రీలో "క్రియేట్" అంటే ఫైల్ ముందే ఉంటే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ మంచిదే. దాన్ని తప్పించుకోవడానికి ఓవర్‌రైట్ పెట్టేస్తే ఎవరిదో రెండు రోజుల పని ఎగిరిపోవచ్చు.

రెండుసార్లు నడిపినా ఒకే ఫలితం రావాలి. ఎన్‌జీ యాడ్ పొరపాటున రెండుసార్లు కొడితే ప్రొవైడర్ రెండుసార్లు చేరకూడదు. ముందు ఉందో లేదో చూసి, లేకపోతేనే చేర్చండి.

ప్రాజెక్ట్ ఇలాగే ఉంటుందని ఊహించకండి. 2023 నవంబర్‌లో వచ్చిన యాంగ్యులర్ 17 నుంచి కొత్త యాప్‌లలో యాప్ మాడ్యూల్ ఫైల్ డిఫాల్ట్‌గా రాదు, స్టాండలోన్ పద్ధతి వచ్చింది. ఆ ఫైల్ ఉంటుందనుకుని రాసిన పాత జనరేటర్లు కొత్త యాప్‌లలో ఆగిపోతాయి. దీనికి యాంగ్యులర్ స్కీమాటిక్స్ ప్యాకేజీ యుటిలిటీ భాగంలో "యాడ్ రూట్ ప్రొవైడర్", "యాడ్ రూట్ ఇంపోర్ట్" అనే ఫంక్షన్లు ఉన్నాయి. యాప్ మాడ్యూల్ పద్ధతిలో ఉన్నా, స్టాండలోన్ పద్ధతిలో ఉన్నా సరైన చోట అవే చేరుస్తాయి. వెతికి-మార్చే టెక్స్ట్ ట్రిక్కుల కంటే ఇవి చాలా నయం.

వాడిన ప్యాకేజీలన్నీ డిక్లేర్ చేయండి. జనరేటర్ కోడ్ దేన్ని ఇంపోర్ట్ చేసుకుంటుందో అది ప్యాకేజ్.జేసన్‌లో ఉండాలి. యాప్‌లో ఎలాగూ ఉంటుందిలే అని వదిలేస్తే, పనిచేసినంత కాలం అదృష్టమే.

పాతవాళ్లను వదిలేయొద్దు: మైగ్రేషన్

ధర ఫంక్షన్‌ను టెంప్లేట్ నుంచి లైబ్రరీకి మార్చాక పాత ప్రాజెక్టుల సంగతేంటి? ఇక్కడే మూడో రకం స్కీమాటిక్ పనికొస్తుంది. ప్యాకేజ్.జేసన్‌లో "ఎన్‌జీ-అప్‌డేట్" కీ పెట్టి, దాని కింద మైగ్రేషన్ల జాబితా ఫైల్ దారి ఇవ్వాలి. ఒక్కో మైగ్రేషన్‌కి ఒక వెర్షన్ నంబర్ ఉంటుంది. వాడేవాళ్లు 0.3.1 నుంచి 0.4.0కి "ఎన్‌జీ అప్‌డేట్" చేస్తే, మధ్యలో ఉన్న మైగ్రేషన్లు నడుస్తాయి.

నా మైగ్రేషన్ పాత ఫంక్షన్ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంటేనే తీసేసి, లైబ్రరీ పైప్ పెడుతుంది. ఎవరైనా దాన్ని మార్చుకుని ఉంటే ముట్టుకోదు. ఫలానా ఫైల్ మీరే చూసుకోండి అని ఒక వార్నింగ్ ప్రింట్ చేసి వదిలేస్తుంది. తెలివిగా ఊహించి పాడుచేయడం కంటే, తెలియదని ఒప్పుకోవడం మేలు.

వేరే ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకి

ఐడియా అన్నిచోట్లా ఒకటే. రూబీ ఆన్ రైల్స్‌లో జెమ్ లోపల "లిబ్/జనరేటర్స్" ఫోల్డర్‌లో పెడితే రైల్స్ తనే కనుక్కుంటుంది. లాగిన్ కోసం అందరూ వాడే డివైజ్ జెమ్ ఇన్‌స్టాల్ కమాండ్ అలాంటి జనరేటరే. లారావెల్‌లో ప్యాకేజీ తన కాన్ఫిగ్, వ్యూ ఫైళ్లను "వెండర్ పబ్లిష్" కమాండ్‌తో యాప్‌లోకి కాపీ చేయిస్తుంది. గొయ్యి కూడా అన్నిచోట్లా ఒకటే. ఉదాహరణకి చాలా జెమ్‌లు ఏ ఫైళ్లు ప్యాక్ చేయాలో గిట్ జాబితా నుంచి తీసుకుంటాయి. కొత్త టెంప్లేట్‌ను గిట్‌లో యాడ్ చేయడం మర్చిపోతే అది జెమ్‌లోకి వెళ్లదు, మీ మెషీన్‌లో మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

రివ్యూ ఏమైంది?

0.3.1 టైమ్‌కి అందింది, డెమో నడిచింది. కానీ ప్యానెల్‌లో ఒక సార్ జనరేట్ అయిన ఫైల్ తెరిచి, "ఈ ఫంక్షన్ ఏం చేస్తుందమ్మా?" అని అడిగారట. అది నేను టెంప్లేట్‌లో పెట్టిన ధర ఫంక్షనే, నలభై లైన్లు. ఆ అమ్మాయి చెప్పలేకపోయింది. బయటికొచ్చాక, "అన్నా, నా ప్రాజెక్ట్‌లో నాకు తెలియని కోడ్ ఉంది" అంది. కోపంగా కూడా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఫైల్ కాపీ అవ్వకపోవడం ఒక లైన్‌తో సరైపోయింది. ఈ రెండో తప్పు సరిచేయడానికే నాకు ఒక వెర్షన్ మొత్తం పట్టింది. ఇప్పుడు నా జనరేటర్ ఇచ్చే పేజీ ఇరవై లైన్లు దాటదు. రాసేటప్పుడు నన్ను నేను ఒకటే అడుగుతాను: దీన్ని వాడే స్టూడెంట్‌ని రేపు ఎవరైనా అడిగితే, ప్రతి లైన్ ఏంటో తను చెప్పగలదా?

మీరు కూడా మీ లైబ్రరీకి జనరేటర్ పెట్టాలనుకుంటే ముందు చిన్నది పెట్టండి, ఎన్‌పీఎం ప్యాక్ చేయండి, కొత్త యాప్‌లో మీరే అన్‌బాక్స్ చేసి చూడండి. పబ్లిష్ బటన్ ఆ తర్వాతే!